ఉత్తరపు తలుపు ఎక్కడికి పోయింది

మీరు చూడబోయే గుడికి ఎన్ని తలుపులున్నాయో, ఏ తలుపులోంచి ఎవరిని రానిచ్చారో, బయలుదేరేముందు ఎప్పుడైనా అడిగారా?

మా చర్చిలో మతబోధ చేసే ఉపదేశి ఇన్నాసయ్యగారికి ఒక అలవాటుంది. అడిగినదానికి జవాబు చెప్పరు. చెప్పులేసుకుని బయటికి నడుస్తారు. అడిగినవాళ్ళు వెంట పోవాలి. ఆయన దగ్గర జ్ఞానోపదేశం నేర్చుకుంటున్న లూర్దుమేరి ఆ ఆదివారం ఇలా అడిగింది: "తాతా, యాత్ర పోదామంటున్న ఆ పాత గుడిలో పేటవాళ్ళకని వేరే ఉత్తరపు తలుపుండేదంట. మా అమ్మ పుట్టకముందే గోడ కట్టి మూసేశారంట కదా. ఇంకా ఆ మాటెందుకు తవ్వుతారు? అయిపోయిందిగా!"

ఇన్నాసయ్యగారు చెప్పులేసుకున్నారు.

వెళ్ళింది ఎంతో దూరం కాదు, గుడి పక్క హాలుకే. మేం కతోలికులం ఒక గుడి కిందికొచ్చే ఊళ్ళన్నిటినీ కలిపి విచారణ అంటాం. మా విచారణ నుంచి ఆ ప్రసిద్ధమైన గుడికే యాత్ర పోవాలని పెద్దలు అక్కడ కూర్చున్నారు. రాతి గోడలు, సముద్రం దాటొచ్చిన గంట, చెక్కడాల పెద్ద తలుపు... సంఘం పెద్ద జోజిరెడ్డిగారు ఒక్కొక్కటే వర్ణిస్తుంటే ఫాదర్‌గారు తలూపుతున్నారు. వెనకాల చాప మీద, దళితుల పేట నుంచి వచ్చిన ఆరోగ్యమ్మ. ఆమె తల్లి పుట్టింది ఆ గుడి నీడనే. జ్ఞానస్నానానికీ, పెళ్ళికీ ఉత్తరపు తలుపే ఆమెకి దారి. పెద్ద తలుపులోంచి ఒక్కసారి నడవాలని చచ్చేదాకా అనుకుంది. తల్లి బదులు తానైనా నడవాలని ఆరోగ్యమ్మ కొత్త చీర కొని పెట్టెలో దాచుకుంది.

"బస్సులు రెండు మాట్లాడాను," అన్నారు జోజిరెడ్డిగారు.

"ఉన్నదే ఒక బస్సు జనం కదయ్యా?" అంది ఆరోగ్యమ్మ.

"సుఖంగా ఉంటుందని, ఆరోగ్యం. మీ పాటలు మీవి, మీ తిండి మీది. మీకూ స్వేచ్ఛగా ఉండొద్దూ?"

"మా స్వేచ్ఛ గురించి ఎంత బెంగయ్యా మీకు! సరే గానీ, ఏ బస్సు ఏ తలుపు దగ్గర ఆగుద్ది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ముందు కుర్చీల్లో ఎవరూ నవ్వలేదు.

"మూసేసిన తలుపు పట్టుకుని వేలాడతావేం?" జోజిరెడ్డిగారి గొంతు లేచింది. "దేవుడి ముందు అందరం ఒకటే."

"దేవుడి ముందు సరే. బస్సులో?"

ఫాదర్‌గారు చెయ్యెత్తారు. "అమ్మా, యాత్రకి ముందు మనసులు పాడుచేసుకోకూడదు. ఇప్పుడీ విచారణంతా ఎందుకు?"

"విచారణ అని పేరు పెట్టుకుంది మీరే కదా ఫాదర్. ఎప్పుడన్నా ఒకసారి చెయ్యండి."

ఫాదర్‌గారు వెంటనే పరలోక జపం ఎత్తుకున్నారు. జపం ఎత్తుకుంటే ఇక ఎవరూ మాట్లాడకూడదు కదా! అందరూ లేచారు. ఆరోగ్యమ్మా లేచింది. 'మా తండ్రీ' అన్న మాట దగ్గర ఆమె గొంతే అందరికంటే పెద్దగా వినపడింది. చివర సిలువ గుర్తు వేసుకుని, "మా బస్సులో నా సీటు ఎవరికన్నా ఇవ్వండి," అని వెళ్ళిపోయింది. ఎవరూ వెనక్కి పిలవలేదు. బస్సులు రెండూ ఖాయమయ్యాయి. ఆ కొత్త చీర పెట్టెలోనే ఉండిపోయింది.

లూర్దుమేరి తలదించుకుని బయటికి నడిచింది. ఆమె సీటు జోజిరెడ్డిగారి బస్సులో ఉంది.

"మూసేశారన్నావుగా," అన్నారు ఇన్నాసయ్యగారు. "మళ్ళీ ఎక్కడ తెరిచారో చూశావా?"

మీ ఊళ్ళోనూ రేపో మాపో ఏదో యాత్రకి బస్సులు మాట్లాడతారు. ఆ రోజు లేచి నిలబడండి. ఒక్క బస్సే అనండి. చోటు చాలదన్నారా, ముందు మీరు దిగండి.