వడ్డించకముందే నిండిన విస్తరి

"కవాతు మొదలైందర్రోయ్! తలుపులేసుకోండి!"

వీధి చివర నుంచి కోడిపుంజు కేక. ధడేల్ ధడేల్మని తలుపులు పడ్డాయి.

అడవిపందుల దళం ఊరికి తూర్పున కవాతు మైదానం పెట్టి మూడు వేసవులైంది. గిట్ట పడితే చాలు, పిండిలాంటి సన్న దుమ్ము లేచి వీధి మీద వాలేది. అంతకుముందు అందరూ వీధిలోనే బంతి కూర్చుని తినేవారండీ, ఆ కబుర్లేమిటి, ఆ నవ్వులేమిటి! ఇప్పుడు ఎవరి ముద్ద వారి తలుపు వెనకే. గొర్రవ్వ పక్కన కూర్చునే బర్రెక్క అయితే దగ్గు పట్టుకుని చెల్లెలి ఊరెళ్ళిపోయింది. "దుమ్ము తగ్గితే కబురెట్టవే, వస్తా" అంది. గొర్రవ్వ రోజూ రెండు విస్తళ్ళు తుడుస్తుంది, ఒకటి మడిచి దాస్తుంది.

దుమ్ము కొలిచే ఉద్యోగం నక్కది. ఆముదం పూసిన టేకాకు గడకు కట్టి, ఎంత అంటిందో దళపతికి చెప్పాలి. ఈ గడుసుది ఆ గడను మైదానానికి గాలి వచ్చే తూర్పు గట్టున పాతింది. దుమ్మేమో పడమటికి, వీధి మీదికి! ఆకు అద్దంలా మెరిసేది.

"దుమ్మే లేదు దొరా!" అనేది. దళపతి నమ్మేవాడు.

"ఎద్దయ్యా, నేను పోయేలోగా బర్రెక్క పక్కన ఓ ముద్ద తింటానంటావా?" అంది గొర్రవ్వ.

ఎద్దు నెమరు ఆపింది. "తింటావవ్వా."

తిన్నగా నక్క దగ్గరికెళ్ళి, "దుమ్ము లేదంటగా మావా! రేపు కవాతు వేళకి వీధిలో బంతి. దళపతిగార్ని తీసుకురా" అంది. రానంటే గుట్టు రట్టు. నక్క తలూపింది.

మర్నాడు ఎద్దు టేకాకులకి ఆముదం పూసి పరిచింది. దళపతితో సహా అందరూ కూర్చున్నారు. అవతల కవాతు మొదలైంది. ఎద్దు ముందే చెప్పింది కాబోలు, గొర్రవ్వ సంకటి కుండ పట్టుకుని ఎంతకీ వడ్డించదే!

దళపతి ఆకు చూసుకుని అదిరిపడ్డాడు. "ఇదేంటి, వడ్డించకముందే నా విస్తరి నిండింది?"

"అది... కారప్పొడి దొరా" అంది నక్క.

"అయితే నాకి చూపించు మావా" అంది ఎద్దు.

నక్క నాకింది. ఖళ్ళుఖళ్ళుమని దగ్గు! దగ్గుతూనే, గడ గాలి వచ్చే వైపు పాతిన గుట్టు కక్కేసింది.

దళపతి తల దించుకున్నాడు. గడ వీధి మొగలోకి మారింది. మైదానం గట్టున గడ్డి పెంచారు. గాలి వీధి వైపు తిరిగితే కవాతు బంద్. రోజూ నేల తడపడానికి నీళ్ళ కావడి నక్క భుజానికెక్కింది.

నెల తిరిగేసరికి వీధిలో కట్టిన ఆకు పచ్చగా ఉంది. కబురందుకుని బర్రెక్క వచ్చింది. గొర్రవ్వ దాచిన విస్తరి మడత విప్పి పక్కన వేసింది.

"ఇంకా దాచావే పిచ్చిదానా!"

"కూర్చో, చల్లారిపోతుంది."

కావడి దించి నక్క కూడా బంతి చివర కూర్చుంది. అందరూ ముద్ద ఎత్తారు.

దుమ్ము కొలవాలంటే గాలి వచ్చే చోట కాదు నాయనా, అది పడే కంచం దగ్గర నిలబడాలి.