బుగ్గక్క కాపలా

అనగనగా నల్లమల కొండల్లో ఒక వాగు, ఆ వాగు మీదికి వంగిన ఒక మద్దిచెట్టు, ఆ చెట్టు నిండా కోతులు. దగ్గరికి జరిగి కూర్చోండి. ఈ కథలో చిరుతపులి ఉంది. మధ్యలో కెవ్వుమన్నారంటే చెప్పడం ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

కోతికి బుగ్గల్లో సంచులుంటాయి, తెలుసు కదా? దొరికింది దొరికినట్టు అందులో కుక్కుకుని, తర్వాత తీరిగ్గా నములుతుంది. ఆ గుంపులో ఒక తల్లికోతి మాత్రం కుక్కుకోవడమే కానీ నమలడం ఎరగదు. బుగ్గలు నిండితే నోట్లోనూ మొర్రిగింజలు, అవే సారపప్పు గింజలు, పోసుకునేది. ఎప్పుడు చూసినా దాని బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉండేవి. అందుకే దాన్ని అందరూ బుగ్గక్క అనేవాళ్ళు.

నవ్వకండి. దాని బాధ దానిది. బుగ్గక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఏడు వానలు పడలేదు. వాగు ఎండింది, చెట్లు ఎండాయి. తమ్ముడు ఆకలితో అమ్మ ఒళ్ళోనే కన్నుమూశాడు. ఆనాడు దాని కడుపులో ఒక భయం చేరింది. ఏం తినబోయినా "ఇది అయిపోతే?" అని అడిగేది ఆ భయం. అంతే, గింజ మింగుడు పడేది కాదు. ఆ తర్వాత ఎన్నో వానలు కురిశాయి. మొర్రిచెట్లు విరగకాశాయి. భయం మాత్రం కదల్లేదు.

మనుషులూ డబ్బు దగ్గర ఇలాగే చేస్తారు. పెట్టె నిండుగా ఉన్నా పిల్లకి చెప్పులు కొనడానికి చెయ్యి రాదు. ఎవరని అడగకండి, మీ తాతయ్య వింటాడు.

బుగ్గక్కకి ఒక కూతురు. పేరు పిందె. "అమ్మా, ఒక్క గింజ పెట్టవే" అని పిందె చెయ్యి చాపేది. బుగ్గక్క తల అడ్డంగా ఊపేది.

మధ్యాహ్నం గుంపంతా వాగులోకి దిగి నీళ్ళు తాగుతుంది. అప్పుడు ఒకరు చెట్టు కొసన కూర్చుని కాపలా కాయాలి. ఏదైనా వస్తుంటే గట్టిగా అరవాలి. ఒక్కొక్కరికి మూడు రోజులు వంతు. బుగ్గక్క వంతు వచ్చింది.

మొదటి రోజు అడవికుక్కలు వచ్చాయి. బుగ్గక్క చూసింది. అరవాలంటే నోరు తెరవాలి. తెరిస్తే గింజలన్నీ వాగుపాలు! "ఇంకా దూరంగానే ఉన్నాయిలే" అనుకుంది. ఇంతలో ఎక్కడో ఒక నెమలి కేక పెట్టింది. కోతులన్నీ గబగబా చెట్టెక్కేశాయి. బుగ్గక్క బతుకు జీవుడా అనుకుంది.

రెండో రోజు కొండచిలువ వచ్చింది. బుగ్గక్క "ఊఁ... ఊఁ..." అంది. ఆ మూలుగు ఎవరికి వినపడుతుంది? ఒక కుర్రకోతి తోక పాము నోట్లో పడింది. గింజుకుని గింజుకుని ఎలాగో బయటపడింది కానీ, తోక మీద తోలు ఊడిపోయింది.

గుంపుకి పెద్దదిక్కు కొండవ్వ. అది చెట్టు కొసకి ఎక్కి వచ్చింది. "ఏమే, కళ్ళు కనపడటం లేదా?" అని గదమాయించింది. ఎండ కళ్ళల్లో పడిందన్నట్టు బుగ్గక్క ఎండకేసి వేలు చూపించింది.

"అబద్ధాలాడకు. నీ నోట్లో ఏముందో నాకు తెలీదా?" అంది కొండవ్వ. తర్వాత దాని గొంతు తగ్గింది. "ఆ కరువులో నేనూ ఉన్నానే. నీ తమ్ముణ్ణి ఆకుల్లో పడుకోబెట్టింది నేనే. ఆ ఏడు ఎప్పుడో అయిపోయింది తల్లీ. నీలోనే ఇంకా అయిపోలేదు. రేపు నోరు ఖాళీ చేసుకుని ఎక్కు." బుగ్గక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని తలూపింది.

మూడో రోజు పొద్దున్నే రెండు గింజలు అరచేతిలోకి తీసింది పాపం. "ఇవి అయిపోతే?" అంది భయం. మళ్ళీ నోట్లో వేసేసుకుంది.

మధ్యాహ్నమైంది. గుంపు నీళ్ళకి దిగింది. వాగు ఒడ్డున గడ్డి కదిలింది. గాలి లేదు. మరి గడ్డెందుకు కదిలింది?

పసుపుపచ్చ ఒళ్ళు. నల్లమచ్చలు. చిరుతపులి! పొట్ట నేలకానించి ఒక అడుగు వేస్తోంది. ఆగుతోంది. ఇంకో అడుగు వేస్తోంది. దాని చూపంతా గుంపుకి దూరంగా, ఒక్కతే నీళ్ళు తాగుతున్న పిందె మీదే ఉంది.

బుగ్గక్క పై ప్రాణాలు పైనే పోయాయి. అరవాలి! కానీ దాని చెయ్యి దానంతటదే పైకి లేచి, నోటిని గట్టిగా మూసేసింది. చూశారా ఎంత పాడుభయమో! కన్నబిడ్డ వెనకే చావు నిలబడి ఉంటే, ఇది గింజల్ని పట్టుకుని వేలాడుతోంది.

చిరుత ఇంకో అడుగు వేసింది. పిందెకి ఏదో అనుమానం వచ్చింది. తలెత్తి చెట్టు కొసకేసి చూసింది. పైన అమ్మ ఉంది. అమ్మ చూస్తుండగా ఇంక భయమేమిటి? పిందె నవ్వి, మళ్ళీ వంగి నీళ్ళు తాగసాగింది.

ఆ నవ్వుకి బుగ్గక్క గుండె తరుక్కుపోయింది. చేతిని నోటి మీంచి లాగిపారేసింది. ఉన్నదంతా ఉమ్మేసింది. గింజలు జలజలా వాగులో పడుతుంటే, కొండలు మారుమోగేలా అరిచింది.

"పిందే! పులి! ఎక్కు!"

పిందె ఎగిరింది. చిరుతా ఎగిరింది. పంజా పిందె వీపుని గీరింది. అప్పటికే కొమ్మందుకున్న కొండవ్వ, పిందె చెయ్యి పట్టి పైకి లాగేసింది. కోతులన్నీ కొమ్మలు విరిచి చిరుత మీదికి విసిరాయి. చిరుత గుర్రుమంటూ గడ్డిలోకి వెళ్ళిపోయింది.

బుగ్గక్క ఒక్క ఉరుకున వచ్చి కూతుర్ని గుండెకి హత్తుకుంది. "నొప్పిగా ఉందా తల్లీ? నా తప్పేనమ్మా. నేను చూస్తూనే ఉన్నాను, అయినా..."

పిందె ఏడుపు ఆపి, తల్లి నోటికేసి వింతగా చూసింది. "అమ్మా, నీ గొంతు ఇలా ఉంటుందా?" అంది.

బుగ్గక్క వెక్కివెక్కి ఏడ్చింది. కొండవ్వ దాని వీపు నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

మర్నాడు బుగ్గక్క మొర్రిచెట్టెక్కింది. గింజ కోయగానే భయం మళ్ళీ వచ్చింది. "వింటున్నాలే, ఆ పక్కన కూర్చో" అంది బుగ్గక్క. సాయంత్రానికని నాలుగు గింజలు బుగ్గలో వేసుకుంది. పిందెకి గుప్పెడు పెట్టింది. ఒకటి తను నమిలి మింగింది. అది ఎంత కమ్మగా ఉంటుందో, పాపం, దానికి అప్పుడే తెలిసింది.

నీతి: డబ్బు మనల్ని కాపాడుతుందని దాచుకుంటాం. భయంతో మనమే దానికి కాపలా కూర్చుంటే, మన పిల్లల్ని కాపాడేదెవరు?