మేకకి నమస్కారం

రేగడిపట్నం భటులకి నోరు తెరిస్తే తిట్లే వచ్చేవి. వాళ్ళకి మర్యాద నేర్పాలని నగరసభ పెద్దలు మాయముసుగులు తెప్పించారు. ముసుగు తగిలించుకుంటే లేని బజారూ లేని జనమూ కళ్ళకి కడతాయి. వాళ్ళతో మంచిగా మసలితే సభ మెచ్చుకుంటుంది. కొత్వాలు దండపాణి ముసుగులో వెన్నముద్ద. తీస్తే మళ్ళీ మామూలే. దారిలో బుట్టలు పెట్టాడని బుట్టలల్లే పోలయ్యని ఖైదులో వేయించాడు.

ముసుగులు బాగుచేసేది పోలయ్య పెళ్ళాం నూకాలు. ఆమె మాయలేని ఉత్త ముసుగుకి రెండు కన్నాలు పెట్టి దండపాణికి తగిలించింది.

"కొత్త పాఠం దొరా. తప్పు చేయనివాణ్ణి విడిపించాలి."

దండపాణి ఖైదుకి వెళ్ళి, పోలయ్యని "అన్నా" అని పిలిచి, బుట్టలు తనే మోస్తూ ఇంటిదాకా దిగబెట్టాడు. దారిలో ఎదురైన మేకకి కూడా నమస్కారం పెట్టాడు.

"ఏం మాయ. మేక కంపు కూడా నిజంలాగే ఉంది," అంటూ దండపాణి పోలయ్య ఇంటి గుమ్మంలో ముసుగు తీశాడు. పోలయ్య మాయం కాలేదు. వెనకే వచ్చిన మేకా మాయం కాలేదు.

"మోసం. వీణ్ణి మళ్ళీ ఖైదులో వేయిస్తాను."

"అలాగే దొరా," అంది ఇంట్లోంచి వచ్చిన నూకాలు. "మీ మర్యాద ముసుగు దాటి రాలేదని సభకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

దండపాణి పోలయ్యకి నమస్కారం పెట్టాడు. ఎందుకైనా మంచిదని మేకకీ పెట్టాడు.