గోరింక కేకేసిన బరువు

"కొండ ఎక్కే పిల్లా, కాస్త ఊపిరి తీసుకో,
ఊట దగ్గర ఆగి ఒక్క దోసెడు తాగిపో,
ఎవరమ్మా నీకు... ఎవరమ్మా..."

ఆ పై ముక్క ముంగిస పైడమ్మకు ఎప్పుడూ గుర్తొచ్చేది కాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడిన పాట అది. వేర్లు నూరేటప్పుడల్లా గుర్తున్న ముక్కలే మళ్ళీ మళ్ళీ పాడుకునేది.

అనగనగా ఒక కొండల అడవి. ఆ అడవంతటికీ పైడమ్మే వైద్యురాలు. పాము కరిచినా, పొట్ట ఉబ్బినా అందరూ ఆమె ఉండే బండ కిందికే వచ్చేవారు. ఆమె హస్తవాసి అంత మంచిది మరి.

కానీ పిల్లలూ, ఆమెకొక పద్ధతి ఉంది. ఎవరొచ్చినా ముందు తూచేది. ఒక రాతి మీద అడ్డంగా టేకు దూలం ఉండేది. ఈ చివర రోగి నిలబడాలి. ఆ చివర కోతులు రాళ్ళు పేర్చాలి. దూలం సరిగ్గా నిలిచాక గోరింక ఎన్ని రాళ్ళో గట్టిగా కేకేయాలి. కూర్చున్నవాళ్ళందరికీ వినపడాలి.

"నలుగురిలో సిగ్గుపడితేనే నోరు కట్టుకుంటారు," అనేది పైడమ్మ. మంచికే అనుకునేది, పాపం.

ఒకరోజు ఎలుగుబంటి గున్నమ్మ వచ్చింది.

"అక్కా, మోకాళ్ళు ఒకటే నొప్పి. నాలుగడుగులు వేస్తే ఆయాసం."

"ముందు దూలమెక్కు."

"నలభై రాళ్ళోయ్!" అని అరిచింది గోరింక.

నక్క కిసుక్కున నవ్వింది. "మెల్లగా దిగు తల్లీ, కొండ కదిలేను!"

"ఇప్పపూలు ముట్టకు. పుట్టల దాకా నడిచిపోయి చెదలు తిను. పది రోజులకు రా," అంది పైడమ్మ.

"అది కాదక్కా, నేను..."

"తరవాత ఎవరు?" అంది పైడమ్మ. బయట ఇంకా ఏడుగురు ఉన్నారు మరి.

రెండోసారి వచ్చేముందు గున్నమ్మ మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు. దూలమెక్కింది.

"ముప్పై ఎనిమిది!"

"శభాష్! చూశారా, ఇలా ఉండాలి," అంది పైడమ్మ. ఎలా తగ్గావే అని మాత్రం అడగలేదు. తిరిగి పోతుంటే గున్నమ్మకు కళ్ళు తిరిగాయి. ఇప్పచెట్టు కింద కూలబడింది. చుట్టూ రాలిన పూలు. ఆకలి ఊరుకుంటుందా? కడుపు నిండినా చెయ్యి ఆగలేదు.

మూడోసారి గోరింక "నలభై రెండు!" అంది. నక్క నేల మీద పడి దొర్లింది. పైడమ్మకు కోపం వచ్చింది.

"నీ నోరే నీ మాట వినకపోతే నా మందేం చేస్తుందే?"

గున్నమ్మ తల వంచుకుని వెళ్ళిపోయింది. ఎండాకాలమంతా మళ్ళీ రాలేదు. తగ్గి ఉంటుందిలే అనుకుంది పైడమ్మ.

ఒక పొద్దున అడవికోడి పరిగెత్తుకొచ్చింది. "వైద్యురాలమ్మా, గున్నమ్మ గుహ దాటి బయటికి రాక వారమైంది!"

పైడమ్మ మందుల మూట నెత్తిన పెట్టుకుని పోయింది. గున్నమ్మ పాదం గుమ్మడికాయంత వాచి ఉంది. లోపల ముల్లు. చీము మోకాలు దాటింది. ముల్లు తీసింది, పసరు పోసింది, ఆకు కట్టింది. చేతులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి, ఆలస్యమైందని మనసుకు తెలిసిపోయింది.

అప్పుడు పైడమ్మ పక్కన కూర్చుంది. ఎప్పుడూ ఏ రోగి పక్కనా అలా కూర్చోలేదు.

"పుట్టల దాకా పొమ్మన్నాను కదే. ఎందుకు పోలేదు?"

"పిల్ల పెద్దదై తన దారిన పోయింది కదక్కా. దాంతోనే నడిచేదాన్ని. ఒక్కదాన్నే అంత దూరం పోబుద్ధి కాలేదు. ఇప్పచెట్టు గుమ్మంలోనే ఉంది, అదే తిన్నాను. చివరికి ఒకరోజు పంతం పట్టి బయల్దేరాను. ఆ రోజే ఈ ముల్లు."

"తోడుంటే నడిచేదానివా?"

"నడిచేదాన్నే."

పైడమ్మ కట్టిన ఆకునే మళ్ళీ సర్దింది. తానూ రోజూ పొద్దున్నే వేర్ల కోసం ఆ పుట్టల దారినే పోతుంది. ఒక్కతే పోతుంది. గున్నమ్మ గుహ ముందు నుంచే పోతుంది.

తొలకరి చినుకులు పడిన రోజు గున్నమ్మ కన్ను మూసింది. పైడమ్మ ఆ దూలాన్ని లోయలోకి దొర్లించేసింది. ఆ తరవాత ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి కబురడిగేది. అయినా గున్నమ్మ పోయేముందు అన్న చివరి మాట ఆమెను వదల్లేదు.

"ముల్లు గుచ్చుకున్న రోజు నీ బండ దాకా కుంటుకుంటూ వచ్చానక్కా. లోపల అందరూ ఉన్నారు. గోరింక గొంతు వినపడి, తిరిగి వెళ్ళిపోయాను."

నీతి: సిగ్గుపరిచి ఇచ్చిన మందు ఒంటికి పట్టదు, రోగి బరువు కంటే ముందు రోగి మాట వినాలి.