మిల్లిసుక

పెంచలయ్య గారికి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముప్పై ఏళ్లు యురేనియం మిల్లుల్లో రేడియేషన్ రక్షణాధికారిగా పనిచేసి విరమించిన మనిషి. ఆ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఆయన దగ్గర పని నేర్చుకునేవారు. ఎవరైనా ఏదైనా అడిగితే కాసేపు వాళ్ల ముఖంలోకి చూసి, "పద" అనేవారు. ఎక్కడికో చెప్పేవారు కాదు.

ఒకనాడు ఆయన శిష్యురాలు షమీనా వచ్చింది. కోనగుట్ట కింద మూతపడిన మిల్లును శుభ్రం చేసే పని రెండేళ్లుగా ఆమె చేతి మీదుగా నడిచింది. యురేనియం తీశాక మిగిలిన ఇసుకను పోసిన వ్యర్థాల గుంటను బంకమట్టితో కప్పారు. కంచె లోపలా, కంచె బయట పొలాల్లోనూ గళ్లు గీసి, గడికొక చోట రేడియేషన్ కొలిచారు. అంతా పరిమితి లోపలే. సాయంత్రంలోగా ఆమె ఆ స్థలం సురక్షితమన్న పత్రం మీద సంతకం చేయాలి. మర్నాడు పక్కనున్న బోడికొండపల్లెలో గ్రామసభ. ఎందుకో ఆమెకు తెల్లవారినప్పటి నుంచీ కాలు ఒక్కచోట నిలవడం లేదు.

"సార్, పని పూర్తయింది. మళ్లీ ఊరి ముందు నిలబడి అన్నీ ఎందుకు చెప్పాలి? వాళ్లకు అంకెలు అర్థం కావు. చెబితే భయపడతారు, చెప్పకపోతే దాచామంటారు. అసలు మనం వాళ్లకు ఎంతవరకు జవాబుదారులం?"

"పద," అన్నారాయన. "మీటరు తీసుకో."

ఊరి మొదటి వీధిలో ఓబుళమ్మ అనే అరవయ్యేళ్ల రైతు అరుగు మీద కూర్చుని శనక్కాయలు వలుస్తోంది. వీళ్లను చూసి, "మళ్లీ వచ్చినారా? మొన్న మా చేలో జెండాలు పాతి కొలుచుకోని పోతిరి గదా," అంది.

పెంచలయ్య గారు షమీనా దగ్గరున్న మీటరు తీసుకుని ఓబుళమ్మ చేతిలో పెట్టారు. "ఈసారి యాడ చూడాల్నో నువ్వు చెప్పు తల్లీ."

ఓబుళమ్మ నవ్వింది. అయినా లేచింది. నీళ్లతొట్టి దగ్గర పెట్టింది, గొడ్లపాకలో పెట్టింది, గడ్డివామి చుట్టూ తిరిగింది. మీటరు తాపీగా టిక్కుటిక్కుమంటోంది. షమీనా ఫోను రెండుసార్లు మోగింది. రెండుసార్లూ కంపెనీ మేనేజరే, సంతకం అయిందా అని. మూడోసారి ఆమె ఎత్తలేదు. ఓబుళమ్మ గడప దగ్గర ఆగి, "ఇంట్లో కూడా పెట్టచ్చునా?" అని అడిగింది.

లోపలి గదిలో కాన్పుకు వచ్చిన కూతురు పడుకుని ఉంది. పక్కన ఉయ్యాలలో నెల తిరగని బిడ్డ. గదిలో అడుగు పెట్టగానే టిక్కులు తొందరపడ్డాయి. గోడ దగ్గరికి వచ్చేసరికి టిక్కుల మధ్య ఎడమే లేకుండా పోయింది. షమీనా మీటరు అందుకుని మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ చూసింది. పరిమితికి నాలుగు రెట్లు.

"ఈ గది ఎప్పుడు కట్టారమ్మా?"

"పదకొండేండ్లాయ. పెద్ద వానకు మిల్లు గుంట కట్ట తెగె గదా, ఇసుక కొట్టుకొచ్చి వంకలో మేట వేసింది. మెత్తగా, జల్లెడ పట్టే పనే లేకుండా ఉండె. బండ్లతో తోలుకుంటిమి. గచ్చుకూ అదే, గోడలకూ అదే. మిల్లిసుక అంటిమి దాన్ని. మేమొక్కరమేనా, వీధంతా తెచ్చుకుండ్రి."

కట్ట తెగిన సంగతి షమీనా పాత ఫైల్లో చదివింది. మరమ్మతు చేశామని ఒక్క వాక్యం ఉంది. ఇసుక ఎటు పోయిందో లేదు.

"మాకెవరికీ చెప్పలేదేమమ్మా?"

"ఎవురడిగినారు?" అంది ఓబుళమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "ఇది ఎక్కువా పాపా?"

షమీనా గురువు వైపు చూసింది. ఆయన వాకిలి వైపు తిరిగి ఉన్నారు. ఏం పర్లేదమ్మా, ఆఫీసులో కనుక్కుని చెబుతాను అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగింది.

"ఎక్కువేనమ్మా. ఒక్కరోజులో ఏదో అయిపోదు గానీ, ఏళ్ల తరబడి ఇందులో ఉంటే చెరుపు. బిడ్డను ఇప్పుడే ఈ గదిలోంచి మార్చాలి. ఇన్నేళ్లూ మేం గడప దాటి వచ్చి చూడలేదు."

కూతురు బిడ్డను ఎత్తుకుని బయటికి నడిచింది. ఓబుళమ్మ కదల్లేదు.

"మీ జీపు దినామూ ఈ వాకిట్లోనే పోయె. ఒక్కరూ దిగలా. మా ఆయన ఈ గదిలోనే నాలుగేండ్లు దగ్గి దగ్గి పాయె. దీనివల్లనే పోయినాడో కాదో చెప్పగలవా నువ్వు?"

"చెప్పలేనమ్మా," అంది షమీనా. అంతకంటే చేతకాని మాట తానెన్నడూ అనలేదని ఆమెకు అనిపించింది.

పొద్దు గూకేలోగా ఆ వీధిలో అలాంటి ఇళ్లు పద్నాలుగు తేలాయి. మేనేజరు ఫోనులో మండిపడ్డాడు. "ఇళ్లు మన కంచె లోపలివి కావు!"

"ఇసుక మనదే కదా సార్," అంది షమీనా. సంతకం చేయలేదు.

మర్నాడు గ్రామసభలో ఏ ఇంట్లో ఎంత ఉందో, ముందు ఏం చేయాలో, తనకు ఇంకా తెలియనిది ఏమిటో చెప్పింది. గచ్చుల్లో, గోడల్లో ఉన్న ఆ ఇసుకంతా తవ్వి తీసేదాకా స్థలం సురక్షితమన్న మాట ఎత్తనని రాసి, కింద తన పేరూ నంబరూ వేసి పంచాయతీ గోడకు అంటించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన ఆమె చేతిలోని కాగితాలు లాగి చించేశాడు. ఆడవాళ్లు చుట్టుముట్టారు.

సాయంత్రం గురువు ఇంటికి వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. కూర్చోకుండా అటూ ఇటూ తిరుగుతూ, "రోజంతా తిట్టారు సార్. ఆ కట్ట తెగిన నాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. నన్నెందుకు తిట్టాలి?" అంది.

"పేరు పెట్టి తిట్టారా?"

"పేరు పెట్టే తిట్టారు."

పెంచలయ్య గారు ఆమెకు మంచినీళ్లు అందించారు.

"పదకొండేళ్లుగా వాళ్లకు తిట్టడానికి ఒక పేరైనా లేదమ్మా," అన్నారు.