నల్లబల్ల మూలన నా పేరు

మా జూట్ మిల్లు కాలనీ బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పే కాత్యాయని టీచరు బంగారంలాంటి మనిషే గానీ, ఆవిడకు చాడీలంటే ఒళ్ళు మంట.

ఆ బడి గుర్తొస్తే ఇప్పటికీ నా మనసు అక్కడికే పరుగెడుతుంది. పాత గోడౌనుకు సున్నం కొట్టి బడి అన్నారు. పైన రేకులు. వాన పడితే ఆ మోతకు టీచరు గొంతు వినబడేది కాదు. అందుకని వాన వచ్చినప్పుడల్లా పాఠం ఆపేసి మాకు బొమ్మలు గీసుకోమని చెప్పేవారు. మేమేమో రోజూ ఆకాశం వంక ఆశగా చూసేవాళ్ళం. మిల్లు కూత కూస్తే అన్నాల వేళ, మళ్ళీ కూస్తే ఇళ్ళకు పోయే వేళ. సాయంత్రం మా నాన్నలు జుట్టు నిండా జనపనార పీచుతో వచ్చేవాళ్ళు. అది దులపడానికి మేము పోటీలు పడేవాళ్ళం. అంత సంతోషం మళ్ళీ నేను ఎక్కడా చూడలేదు.

చాడీల విషయంలో తప్పు పూర్తిగా టీచరుదీ కాదు. మేము అలాంటివాళ్ళం. "టీచర్, వీడు నా పెన్సిలు నాకేశాడు." "టీచర్, ఇది నన్ను చూసి మూతి తిప్పింది." "టీచర్, అప్పలకొండ కళ్ళు మూసుకోకుండా ప్రార్థన చేశాడు." వాడు కళ్ళు మూసుకోలేదని నీకెలా తెలిసిందే అంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు. వినీ వినీ టీచరుకు విసుగొచ్చింది. ఒకరోజు నల్లబల్ల కుడివైపు మూలన గీత గీసి, పైన 'చాడీలు' అని రాశారు. ఎవరు చాడీ చెబితే వాళ్ళ పేరు అక్కడ ఎక్కుతుంది. వాళ్ళు మిల్లు కూత కూసేదాకా గోడవైపు తిరిగి కూర్చోవాలి. పేర్లు రాసే పని క్లాసు లీడరుది. ఆ లీడరును నేనే. నా పేరు నూకరత్నం.

సుద్దముక్క చేతిలో ఉంటే ఎంత గర్వమో పిల్లలూ, మీకేం చెప్పను! నెల తిరక్కుండానే మా క్లాసు నోరు మెదపడం మానేసింది. హెడ్మాస్టరుగారు వచ్చి, "క్లాసంటే ఇలా ఉండాలి" అని మెచ్చుకున్నారు. టీచరు మురిసిపోయారు. నేను ఆవిడకంటే ఎక్కువ మురిసిపోయాను.

ఆ నెలలోనే అయిదో తరగతి మోతుబరులు ఇద్దరు అప్పలకొండ టిఫిను డబ్బా రోజూ లాక్కుని తినేసేవాళ్ళు. వాడు పంపు దగ్గర నీళ్ళు తాగి వచ్చి కూర్చునేవాడు. అది మా అందరికీ తెలుసు. "ఏరా, చిక్కిపోతున్నావు?" అని టీచరు అడిగితే, "ఆకలవట్నేదండీ" అన్నాడు. మేమూ తల ఊపాం. మా క్లాసులో చాడీలు లేవు కదా!

ఇంతలో వార్షికోత్సవం వచ్చింది. మా క్లాసు ఆడపిల్లలు ఎనిమిది మంది వరికోత డాన్సు చేయాలి. ముందు నిలబడేది పైడితల్లి. మేమందరం పైడి అనేవాళ్ళం. అది నా పక్కింటి పిల్ల, నా పక్క బెంచీ పిల్ల. కాళ్ళలో స్ప్రింగులు ఉన్నట్టు ఎగిరేది. వాళ్ళమ్మ నీళ్ళ కుళాయి దగ్గర కనబడిన ప్రతివాళ్ళకూ, "మా పైడి ముందు వరసలో నిలబడతాది, చూడ్డానికి రండి" అని చెప్పుకునేది.

డాన్సు బట్టలు తెచ్చేది వేషాల గవర్రాజు. చుట్టుపక్కల బళ్ళన్నిటికీ ఆయనే. రిక్షా మీద రెండు ట్రంకుపెట్టెలతో దిగేవాడు. మూత తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమనేది. లోపల జరీ లంగాలు, రేకు కిరీటాలు, గుర్రపు తోకలాంటి సవరాలు. ఆ పెట్టెల చుట్టూ మేము ఈగల్లా ముసిరేవాళ్ళం. ఆయనా సరదా మనిషి. అందరినీ నవ్వించేవాడు. "గవర్రాజు మావయ్య" అంటూ వెంటపడేవాళ్ళం. బడి వెనక ఉన్న పాత సామాన్ల గది ఆయనకు ఇచ్చారు.

మొదటి రోజు కొలతలు చూస్తూ గవర్రాజు పైడికి కితకితలు పెట్టాడు. అది కిలకిలా నవ్వింది. మేమూ నవ్వాం. రెండో రోజూ పెట్టాడు. పైడి, "వొద్దు మావయ్యా, వొద్దు" అంది. కానీ నవ్వుతూనే అంది. ఆయన ఆపలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ టీచరు చూసి, "చాల్లే గవర్రాజూ, పిల్ల నవ్వలేక చస్తోంది" అని తనూ నవ్వి వెళ్ళిపోయారు. మూడో రోజు నుంచి పైడి ఆ గది వైపు రావడానికి కాళ్ళీడ్చేది.

బుధవారం సాయంత్రం ఇంటికి నడుస్తుంటే పైడి నా జడ పట్టుకుని ఆపింది.

"నూకీ, నీకోటి చెప్తాను. ఎవులికీ చెప్పవు కదా?"

"ఏటే?"

"ఆ గవర్రాజు మావయ్య ఉన్నాడు కదా, ఆడు..."

నాకు గబుక్కున నల్లబల్ల గుర్తొచ్చింది. "పెద్దోల్ల మీద చాడీలేటే? నాకు చెప్పకు. చెప్తే నీ పేరు రాసెయ్యాలి" అన్నాను.

కాస్త దూరం నడిచాక పైడి దానంతట అదే అంది. "రేపు నన్నొక్కదాన్నే రమ్మన్నాడే. తలుపేసి లంగా కొలతలు చూస్తాడంట. ఎవులికీ చెప్పొద్దన్నాడు. చెప్తే నా పార్టు వేరే పిల్లకి ఇప్పించెస్తాడంట. నాకు భయంగా ఉందే."

నేను విన్నాను. విని కూడా, "నాకేటీ వినబడ్నేదు" అనేసి మా ఇంట్లోకి దూరాను. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గుతో తల వంగిపోతుంది. ఆ పూట మా అమ్మ ఎండుచేపల పులుసు చేసింది. నాకు ప్రాణం అది. రెండు ముద్దలు కూడా దిగలేదు.

గురువారం అన్నాల కూత అయ్యాక టీచరు లెక్కలు మొదలుపెడుతూ, "పైడీ, గవర్రాజు నిన్ను రమ్మంటున్నాడు. వెళ్ళి కొలతలు ఇచ్చి రా" అన్నారు.

పైడి లేచింది కానీ బెంచీ వదల్లేదు. "టీచర్, నాను డాన్సు మానెస్తాను."

"నిన్నటిదాకా ఎగిరెగిరి పడ్డావు. ఇప్పుడేమొచ్చింది?"

"ఆ మావయ్య..." అంటూ పైడి ఆగిపోయింది.

టీచరు మొహం చిట్లించారు. "మొదలెట్టావా? పెద్దవాళ్ళ మీద కూడానా చాడీలు? నూకరత్నం, దీని పేరు రాయి."

నేను లేచాను. సుద్దముక్క తీసుకున్నాను. బెంచీ నుంచి నల్లబల్లకు ఎనిమిది అడుగులు కూడా ఉండవు. ఆ రోజు ఎంత నడిచినా తరగనట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే పైడి నన్నే చూస్తోంది. కోపంగా కాదు, నేను దాని పేరే రాస్తానని దానికి తెలిసిపోయినట్టు చూస్తోంది. ఆ చూపు నేను భరించలేకపోయాను. 'చాడీలు' అన్న మాట కింద నూకరత్నం అని రాశాను.

"అది నీ పేరు కదే!" అన్నారు టీచరు.

"అవునండీ. చెప్పేది నేనే." గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "ఆయన పైడికి కితకితలు పెడతన్నాడండీ. వొద్దన్నా ఆపట్నేదు. ఇయాల ఒక్కదాన్నే గదిలోకి రమ్మన్నాడు. తలుపేస్తాడంట. ఎవులికీ చెప్పొద్దన్నాడంట. దానికి భయంగా ఉందండీ. నిన్ననే నాకు చెప్పింది. నేనే విన్లేదు."

టీచరు పైడి వైపు తిరిగారు. ఆవిడ గొంతు మారిపోయింది. "నువ్వు నవ్వుతూ ఉండేదానివి కదే తల్లీ? నేను చూశాను కూడా."

"కితకితలు పెడితే నవ్వొచ్చెస్తాది టీచర్" అంది పైడి. "నాను లోపల ఏడుస్తానే నవ్వీదాన్ని."

టీచరు కుర్చీలో కూలబడ్డారు. ఒక్క నిమిషమే. తర్వాత లేచి పైడి దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, "నీ చెయ్యి పట్టుకోనా?" అని అడిగారు. పిల్లల చెయ్యి పట్టుకోవడానికి పెద్దవాళ్ళు అడగడం మేము అదే మొదటిసారి వినడం. పైడి చెయ్యి చాచింది. ఇద్దరూ హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళారు. పైడిని పక్కనే ఉన్న ఆయన ఇంట్లో, ఆయన భార్య దగ్గర కూర్చోబెట్టి, టీచరూ ఆయనా సామాన్ల గదికి బయలుదేరారు. నాలుగో తరగతి టీచరు వచ్చి కూర్చోమంటున్నా మేము ఆ గది వైపు కిటికీల దగ్గరే నిలబడ్డాం.

గవర్రాజు ఎప్పటిలాగే నవ్వాడు. "అబ్బే, చిన్నపిల్ల కదా టీచరమ్మా! నా కూతురులాంటిది. ఏదో సరదాకి."

"సరదా అయితే ఎవరికీ చెప్పొద్దని ఎందుకన్నావు?" అని అడిగారు టీచరు.

మా టీచరు గొంతు అంత పెద్దదని మాకు అప్పుడే తెలిసింది. వాన పడుతున్నా వినబడేదేమో. "పెట్టెలు సర్దుకో. ఈ బడి గేటు దాటి నువ్వు మళ్ళీ లోపలికి రాకూడదు" అన్నారు.

హెడ్మాస్టరుగారు మొదట నసిగారు. "మూడు రోజుల్లో వార్షికోత్సవం కదమ్మా, బట్టలు..." అన్నారు. "బట్టలు పోతే పోనివ్వండి సార్, పిల్లలు మన దగ్గర ఉంటే చాలు" అన్నారు టీచరు. ఆ సాయంత్రమే పోలీసులకు కబురు వెళ్ళింది. గవర్రాజు వెళ్ళే మిగతా బళ్ళన్నిటికీ ఉత్తరాలు వెళ్ళాయి. టీచరు పైడి ఇంటికి స్వయంగా వెళ్ళి వాళ్ళ అమ్మానాన్నలకు జరిగింది చెప్పారు. "మా పిల్ల తప్పేటన్నా ఉందేటమ్మా?" అని వాళ్ళ నాన్న భయంభయంగా అడిగాడు. "వెంట్రుకవాసి కూడా లేదు. తప్పు వాడిది. వినిపించుకోని తప్పు నాది" అన్నారు టీచరు.

వార్షికోత్సవానికి మా అమ్మల పాత చీరలు కత్తిరించి లంగాలు కుట్టారు. ఎనిమిది మందివి ఎనిమిది రంగులు. జరీ లేదు, సవరాలు లేవు. పైడిని ఎవరూ బలవంతం చేయలేదు. "నీ ఇష్టం" అన్నారు టీచరు. అది రెండు రోజులు ఆలోచించి, "చేస్తాను, మా యమ్మే లంగా కట్టాలి" అంది. ముందు వరసలో నిలబడి ఎగిరింది చూడండీ, మిల్లు మేనేజరుగారి భార్య కూడా లేచి చప్పట్లు కొట్టింది. పైడి వాళ్ళమ్మ ఆ చప్పట్లు వినకుండా ఏడుస్తూ కూర్చుంది.

సోమవారం టీచరు క్లాసులోకి వచ్చి పాఠం మొదలుపెట్టలేదు. తడిగుడ్డ తీసుకుని నల్లబల్ల మూల గట్టిగా తుడిచేశారు. "నేను మీకు తప్పు నేర్పాను పిల్లలూ" అన్నారు. అంత పెద్దావిడ మాకు క్షమాపణ చెబుతుంటే మాకు ఎటు చూడాలో తెలియలేదు. "ఒకరికి దెబ్బలు తినిపించాలని చెప్పేది చాడీ. ఒకరు దెబ్బ తినకుండా ఆపాలని చెప్పేది చాడీ కాదు. మీ ఒళ్ళు మీది. ఎవరైనా సరే, మావయ్యయినా, మాస్టారయినా, నేనయినా, మీకు నచ్చనట్టు ముట్టుకుంటే వద్దని అరవండి. అరవలేకపోయినా, నవ్వు వచ్చేసినా, తప్పు మీది కాదు. అక్కణ్ణించి వచ్చేసి ఎవరికో ఒకరికి చెప్పండి. నేను వినకపోతే మీ అమ్మకు చెప్పండి. అమ్మ వినకపోతే ఇంకొకరికి. ఇప్పుడు చెప్పండి, ఎవరైనా ఏమైనా దాచుకున్నారా?"

వెనక బెంచీలోంచి అప్పలకొండ మెల్లగా చెయ్యెత్తాడు. "టీచర్, నాకు రోజూ ఆకలేసీదండీ" అన్నాడు.

టీచరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ మధ్యాహ్నం తన డబ్బా తెచ్చి వాడి పక్కన కూర్చుని తిన్నారు. అయిదో తరగతి మోతుబరుల సంగతి ఆ సాయంత్రమే తేలిపోయింది.

పిల్లలూ, మీ ఒంటి మీద చెయ్యి వేసి దాచమనేవాళ్ళ మాట ఎన్నడూ దాచకండి, నమ్మేవాళ్ళు దొరికేదాకా చెబుతూనే ఉండండి. పెద్దలూ, పిల్లలు చెప్పబోయే మాటను చాడీ అని మధ్యలో తుంచకండి, చివరిదాకా వినండి.