మాలతి కోటు

గొర్లె సింహాచలం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. "ముందు ఆ సంచీ అందుకో" అంటారు. సైన్యంలో ఉండగా హిమాలయాల్లో స్కీయింగ్ నేర్చుకుని, రిటైరయ్యాక విశాఖపట్నంలో ఆడపిల్లల జట్టొకటి తయారుచేశారాయన. అవునండీ, మంచు అనేది ఐస్ గోలా బండి దగ్గర తప్ప కనపడని విశాఖపట్నంలోనే. ఏడాది పొడుగునా ఘాట్ రోడ్డు మీద చక్రాల స్కీలతో సాధన, చలికాలం వచ్చిందంటే పిల్లల్ని వెంటేసుకుని ఉత్తరాది కొండలకు ప్రయాణం. ఆయన దగ్గర శిష్యుడిగా చేరినవాడు చక్రధర్. కోచింగులో డిప్లమా చేసినవాడు, తన చదువు మీద తనకు బోలెడు గౌరవం ఉన్నవాడు.

ఆ ప్రయాణం సంగతి టీవీలో ఆట చూసేవాళ్ళకు తెలియదు. స్కీల సంచులు బెర్తు కింద పట్టవు. నడవలో పెడితే టీసీ కేకలేస్తాడు. "ఏటండీ ఇవి, పడవ తెడ్లా?" అని ఎదురు సీటాయన అడుగుతాడు, ఆయన దిగిపోయాక ఆ సీట్లోకొచ్చినాయన మళ్ళీ అదే అడుగుతాడు. కొండ బస్సులో పిల్లలు వాంతులు చేసుకుంటుంటే కవర్లు పట్టుకోవాలి. లాడ్జి గదిలో ఇస్త్రీపెట్టెతో స్కీల అడుగున మైనం పట్టిస్తుంటే, ఆ కంపుకి యజమాని మెట్లెక్కి వచ్చి తగువు పెట్టుకుంటాడు. తడిసిన బూట్లు వంటింటి పొయ్యి చుట్టూ ఆరబెట్టుకోవడానికి వంటాయన్ని బతిమాలుకోవాలి. ఈ చాకిరీలో సగానికి పైగా చక్రధర్ నెత్తినే పడేది. ఒళ్ళు నొప్పి అతనికి లెక్క కాదు. తనను చూసిన ప్రతివాడూ సామాన్లు మోసే మనిషనుకుంటున్నాడే అని, అదీ అతని బాధ.

ఆ ఏడు గఢ్వాల్ కొండల్లో జాతీయ పోటీలు. ముందురోజు సాయంత్రం మాస్టారు స్కీ మీద మైనం గీకుతుంటే అడిగేశాడు.

"మాస్టారూ, ఇన్నాళ్ళూ మూటలు మోశాను. నేర్పడం ఎప్పుడు మొదలుపెడతానండీ?"

ఆయన గీకుడు ఆపలేదు. "రేపు కొండ పైన నువ్వుండు బాబూ. పిల్లల బట్టలు కిందకి తీసుకురా" అన్నారు.

మళ్ళీ మూటేనా అని చక్రధర్‌కి ఒళ్ళు మండింది. విషయం ఏమిటంటే, పందెం మొదలయ్యేచోట పిల్లలు కోటూ పైప్యాంటూ విప్పేసి, ఒంటికి అంటుకుపోయే పల్చటి దుస్తుల్లో స్కీల మీద వాలులోకి దూకుతారు. కింద గీత దాటాక మళ్ళీ ఆ కోటు తగలాలి, లేకపోతే ఆ గాలికి కాళ్ళు కొయ్యబారిపోతాయి. పైగా మధ్యాహ్నం రెండోసారి దూకాలి. అందుకని ఆ బట్టలన్నీ పెద్ద సంచీలో కుక్కుకుని కోచ్ కిందకి తెస్తాడు. ఎక్కడికి వెళ్ళినా ఇదే పద్ధతి.

మర్నాడు పొద్దున్న పైన ఉన్నది చక్రధర్. మాస్టారు వాలు మధ్యలో నిలబడ్డారు. జట్టులో చురుకైన పిల్ల లహరి ముందుగా దూకింది. కాసేపటికి వాకీటాకీలో కబురు, లహరి రెండో స్థానంలో ఉంది! కింద టీవీవాళ్ళు కోచ్ ఎవరని అడుగుతున్నారట. చక్రధర్‌కి కాళ్ళు నేల మీద నిలవలేదు. చేతికందిన కోట్లు సంచీలో కుక్కి, జారుకుంటూ దిగిపోయాడు.

పైన వంతల మాలతి ఇంకా ఉంది. అరకు వైపు పిల్ల, మాట తక్కువ. వరస ప్రకారం అందరికన్నా చివర దూకాలి. ఈసారి జాతీయ శిబిరానికి ఎంపిక కాకపోతే ఇంట్లో ఇక పంపబోమన్నారని జట్టంతటికీ తెలుసు, చక్రధర్‌కీ తెలుసు. తన వంతు వచ్చాక ఆ పిల్ల కోటు విప్పి, పట్టుకునేవాళ్ళ కోసం చుట్టూ చూసింది. ఎవరూ లేరు. కంచెకి తగిలించి దూకింది. బ్రహ్మాండంగా దూకింది కూడాను, ఎవరూ అనుకోనంత పై స్థానంలో నిలిచింది.

కింద చక్రధర్ మైకు ముందున్నాడు. "ప్రతి పిల్లనీ విడివిడిగా గమనించడమే మా పద్ధతండీ" అని చెబుతున్నాడు. మాలతి సంచీ వెతుక్కుంది, తన కోటు కనపడలేదు. సార్ మాట్లాడుతున్నారు కదా అని కాసేపు పక్కనే నిలబడింది, వణుకుతూ. ఆ తర్వాత ఆ పల్చటి దుస్తుల్లోనే లిఫ్ట్ కుర్చీ ఎక్కి, ఎదురుగాలిలో పైకెళ్ళి తన కోటు తానే తెచ్చుకుంది. రెండోసారి దూకినప్పుడు కాళ్ళు మాట వినలేదు. మూడో మలుపులోనే పడిపోయింది.

ఆ పిల్లే అతని దగ్గరకొచ్చింది. పెదాలు నల్లబడి ఉన్నాయి.

"తప్పు నాదే సార్. నేనింకా ఉన్నానని మీకు చెప్పుండాల్సింది."

అప్పుడైనా నోరు మంచిదైతే ఎంత బాగుండేది! "చూసుకోవాలి కదమ్మా" అన్నాడు చక్రధర్. అన్నాక ఆ మాట తన చెవులకే వినపడింది. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పూట మాస్టారు తిడతారని చూశాడు, చెంప పగలగొట్టినా పడదామనుకున్నాడు. ఆయన వేడినీళ్ళ బకెట్టు తెచ్చి మాలతి కాళ్ళ దగ్గర పెట్టి, శిష్యుడి వైపు చూడనైనా చూడలేదు. క్షమించమని ఆ పిల్లని అడగడానికి రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ మొహం చెల్లక కూర్చుండిపోయాడు.

మర్నాడు రెండో పందెం. మాలతికి మిగిలిన ఆశ అదొక్కటే. చక్రధర్ అందరికన్నా ముందు కొండెక్కి సంచీ పట్టుకుని నిలబడ్డాడు. ఈ పూట చివరి పిల్ల దూకేదాకా, భూమి బద్దలైనా కదలనని ఒట్టేసుకున్నాడు. లహరి అదనపు జత స్కీలకి బిగింపు వదులైందని మాస్టారు కూడా పైకి వచ్చి, ఓ పక్క కూర్చుని మర బిగిస్తున్నారు. లహరి తన కోటు చక్రధర్ మీదకి విసిరి దూకింది. మిగతావాళ్ళూ ఇచ్చారు. వాకీటాకీ ఏదో అంటూనే ఉంది, అతను దాన్ని కట్టేశాడు.

మాలతి వంతు వచ్చింది. కోటు విప్పి శుభ్రంగా మడత పెట్టింది. చక్రధర్ రెండు చేతులూ చాచాడు. ఆ పిల్ల అతన్ని దాటుకుని వెళ్ళి, హిమాచల్ జట్టు కోచమ్మ దగ్గర ఆగి, వచ్చీరాని హిందీలో ఏదో బతిమాలింది. ఆవిడ తలూపి ఆ కోటు తన సంచీలో పెట్టుకుంది.

"ఇలా ఇయ్యమ్మా, నేను తెస్తాను" అన్నాడు చక్రధర్.

"వద్దులెండి సార్" అంది మాలతి. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "మీకు కింద పనుంటుంది కదా."

అని దూకేసింది. అతను ఖాళీ చేతులు చాచుకునే ఉండిపోయాడు. పిల్ల ఎలా దూకుతోందో చూడాలని కూడా తోచలేదు.

మాస్టారు మర బిగించడం అయిపోయింది. లేచి మోకాళ్ళ మీది మంచు దులుపుకున్నారు.

"నేర్పడం ఎప్పుడని అడిగావు కదా బాబూ. నిన్ననే మొదలుపెట్టావు" అన్నారు. "ఒక్క పూటలో ఎంత బాగా నేర్చుకుందో చూడు."